గేర్‌బాక్స్‌కు అబద్ధం చెప్పే ట్యూన్ మన కార్లకు వద్దు

వర్టస్ జీటీ, స్లావియా 1.5, టైగున్, కుషాక్. వీటిలో ఏదో ఒకటి డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే) గేర్‌బాక్స్‌తో కొన్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, స్టేజ్ 1 వేయించొచ్చా?" స్టేజ్ 1 అంటే విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లోని సాఫ్ట్‌వేర్ ఫైల్ మాత్రమే మార్చి శక్తి పెంచడం, దీన్నే రీమ్యాప్ అంటారు. వేయించొచ్చా లేదా అనేది తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఆ ట్యూన్‌లో టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎంత? అది ఎంత ఆర్‌పీఎం దగ్గర వస్తుంది? అంత టార్క్ వస్తున్న సంగతి గేర్‌బాక్స్‌కు తెలుస్తుందా? వీటికి జవాబు చెప్పకుండా, హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూపించి డబ్బులు అడిగే ట్యూనర్ దగ్గర కారు వదలొద్దని నా గట్టి అభిప్రాయం. కార్లు ట్యూన్ చేయించడం నాకూ ఇష్టమే. ఇష్టం కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ విషయం అర్థం కావడానికి మన దేశంలోనే అమ్ముడైన ఒక కారు చక్కగా పనికొస్తుంది. 2016లో వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ. మాన్యువల్ తీసుకుంటే 180 పీఎస్ (పవర్, దాదాపు హార్స్‌పవర్ లాంటిదే), 320 ఎన్ఎం (టార్క్). అదే కారు డీఎస్‌జీలో తీసుకుంటే 180 పీఎస్, 250 ఎన్ఎం. ఇంజిన్ ఒకటే, పవర్ ఒకటే. టార్క్ మాత్రం ఏకంగా 70 ఎన్ఎం తక్కువ. ఆ ఇంజిన్‌కు 320 ఇచ్చే శక్తి ఉందని మాన్యువల్ కారే రుజువు చేస్తోంది. మరి డీఎస్‌జీలో ఎందుకు తగ్గించారు? ఆ కారులో పెట్టిన డీక్యూ200 అనే 7 స్పీడ్ డ్రై క్లచ్ గేర్‌బాక్స్ పరిమితి 250 ఎన్ఎం కాబట్టి. తయారు చేసిన కంపెనీయే తన ఇంజిన్‌ను తన గేర్‌బాక్స్ కోసం తగ్గించుకుంది.

టార్క్ అంత తగ్గినా పవర్ 180 దగ్గరే ఎలా నిలిచింది? ఇక్కడ చిన్న లెక్క ఉంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. 320 ఎన్ఎం 4000 దగ్గర ఉంటే 182 పీఎస్. 250 ఎన్ఎం 5100 దగ్గర ఉంటే 181 పీఎస్. అంటే డీఎస్‌జీ కారు 250ని 5000 దాటేదాకా నిలబెట్టి అదే పవర్‌కు చేరుకుంది. కింద కాస్త తక్కువ లాగుతుంది, పైన సమానంగా పరుగెడుతుంది. గేర్‌బాక్స్‌కు మాత్రం ఎప్పుడూ 250 మించి తగలదు. స్కోడా ఇంజినీర్లు చేసిన ఈ పనిని ఆఫ్టర్‌మార్కెట్ ట్యూనర్లు కూడా చేయాలని నేను కోరుకుంటున్నాను. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తున్నారు.

దానికి కారణం కూడా ఉంది. మన దగ్గర ట్యూనింగ్ సరదా పెరగడంలో పోలో జీటీ టీఎస్ఐకి పెద్ద వాటా ఉంది. 2013లో వచ్చింది. 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్, 175 ఎన్ఎం. గేర్‌బాక్స్ ఇదే డీక్యూ200. 175కీ 250కీ మధ్య 75 ఎన్ఎం ఖాళీ ఉంది. ఎవరో ఒకరు రీమ్యాప్ చేసి టార్క్‌ను 40, 50 పెంచినా గేర్‌బాక్స్ తన హద్దులోనే ఉండేది. కారు కొత్తగా అనిపించేది, బిల్లు తక్కువ, భయం లేదు. "డీఎస్‌జీకి ఏం కాదు బ్రో" అనే మాట ఆ రోజుల్లో పుట్టింది, ఆ కారు వరకు నిజం కూడా.

2022లో వచ్చిన వర్టస్ జీటీ 1.5 షోరూమ్ నుంచి బయటికి వచ్చేటప్పుడే 250 ఎన్ఎం ఇస్తోంది. గేర్‌బాక్స్ అదే డీక్యూ200. ఖాళీ సున్నా. కంపెనీ తనకున్న హద్దును చివరి ఎన్ఎం దాకా వాడేసుకుంది. పోలోతో వచ్చిన నమ్మకాన్ని ఈ కారు మీదికి తెచ్చుకోవడం తప్పు. స్టేజ్ 1 పేరుతో 300 దాటించి అమ్ముతున్న ఫైళ్లు ఈ తేడాను అసలు పట్టించుకోవు.

ఇంతకీ 250 అనే అంకెకు అర్థమేమిటి? 251 దగ్గర గేర్‌బాక్స్ పగిలిపోతుందని కాదు. ఇన్ని లక్షల కిలోమీటర్లు, ఇన్ని వేల స్టార్టులు, ఇంత వేడిలో, ఇంత టార్క్‌ను మోస్తూ బతకగలదు అని లెక్కగట్టి ఇచ్చిన అంకె అది. గేర్‌బాక్స్ పాడయ్యే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి లోహం అలసిపోవడం: గేర్ పళ్లు, షాఫ్టులు, బేరింగులు. రెండోది పట్టు జారడం: క్లచ్‌లు.

అలసట సంగతి తీసుకుందాం. బాల్ బేరింగ్ ఆయుష్షు దాని మీద పడే భారానికి ఘనంలో తగ్గుతుందని మెకానికల్ చదివినవాళ్లకు తెలుసు. 250 నుంచి 300కు పెంచితే భారం 1.2 రెట్లు. 1.2ని మూడుసార్లు గుణిస్తే 1.73. అంటే పూర్తి టార్క్‌లో నడిపినంతసేపూ బేరింగ్ ఆయుష్షు దాదాపు 58 శాతానికి పడిపోతుంది. ఇరవై శాతం టార్క్ పెంచి నలభై శాతం ఆయుష్షు పోగొట్టుకోవడం. ఎప్పుడూ పూర్తి థ్రాటిల్‌లో నడపం కాబట్టి నిజ జీవితంలో ఇంత కనపడదు. అందుకే ట్యూన్ చేసిన వారంలో ఏమీ జరగదు, అందరూ "సూపర్" అంటారు. గేర్ పళ్ల అలసట ఇంకా నిటారుగా ఉంటుంది, టార్క్ కాస్త పెరిగితే ఆయుష్షు చాలా పడుతుంది.

క్లచ్ సంగతి వేరు. అక్కడ అలసటకు టైమ్ కూడా అవసరం లేదు. క్లచ్ ఎంత టార్క్ పట్టుకోగలదనేది నాలుగింటి మీద ఆధారపడుతుంది: లైనింగ్ ఘర్షణ గుణకం, నొక్కే బలం, ప్లేటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. ఇంజిన్ అంతకు మించి ఇస్తే క్లచ్ జారుతుంది. జారితే వేడెక్కుతుంది. వేడెక్కితే ఘర్షణ గుణకం పడిపోతుంది. పడితే ఇంకా జారుతుంది. ఈ సుడిలో పడ్డ క్లచ్ కొన్ని సెకన్లలోనే లైనింగ్‌ను కాల్చుకుంటుంది.

డీక్యూ200లో క్లచ్‌లు పొడివి. నూనెలో మునిగి ఉండవు, వేడిని గాలే తీసుకెళ్లాలి. అలా డిజైన్ చేయడానికి మంచి కారణమే ఉంది. చల్లబరచడానికి నూనెను నిరంతరం తిప్పే పంపు అక్కర్లేదు, అందుకే మైలేజీ బాగుంటుంది, బరువు తక్కువ. చిన్న టర్బో కార్లకు తెలివైన గేర్‌బాక్స్ అది. కానీ మన ఊళ్లో దాని పరిస్థితి ఆలోచించండి. మే నెల, బయట 42 డిగ్రీలు. మియాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రం ట్రాఫిక్. నడక వేగంతో పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూనే ఉంటుంది. ఆ సమయంలో టార్క్ తక్కువే, ట్యూన్ వల్ల నేరుగా నష్టం లేదు. అసలు దెబ్బ తర్వాత పడుతుంది. ట్రాఫిక్ దాటి గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కుతాం, రోడ్డు ఖాళీ, పెడల్ పూర్తిగా తొక్కుతాం. అప్పటికే కాలిపోయేంత వేడిగా ఉన్న క్లచ్ మీద 300 ఎన్ఎం పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఉదయం ఆరింటికి డైనో (కారును రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పట్టుకున్న క్లచ్, రాత్రి ఎనిమిదింటికి ఆ ర్యాంపు మీద పట్టుకోకపోవచ్చు. డైనో షీట్‌లో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. డీక్యూ200 పాడవడమంతా ట్యూనింగ్ వల్లే కాదు. 2013లో చైనాలో 3.84 లక్షలకు పైగా డీఎస్‌జీ కార్లను వెనక్కి పిలిచినప్పుడు అవన్నీ ట్యూన్ చేసిన కార్లు కావు, గొడవ ప్రధానంగా గేర్‌బాక్స్‌ను నడిపించే మెకాట్రానిక్ యూనిట్‌ది. ట్యూన్ ముట్టని కార్లలో కూడా మెకాట్రానిక్ పోతుంది. కాబట్టి ఏ గేర్‌బాక్స్ పోయినా "రీమ్యాప్ చేయించావు కదా" అని సర్వీస్ సెంటర్‌లో చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. కానీ ఈసీయూలో ట్యూన్ కనపడితే కంపెనీ రికార్డులో ఆ కారుకు టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఆ తర్వాత వారంటీ గురించి వాదించడానికి మన చేతిలో ఏమీ మిగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్లచ్‌ను ఎంత గట్టిగా నొక్కాలో గేర్‌బాక్స్ కంప్యూటర్, అంటే టీసీయూ, ఎలా తెలుసుకుంటుంది? దానికి సొంతంగా టార్క్ కొలిచే సాధనం లేదు. ఇంజిన్ ఈసీయూ తన లెక్క ప్రకారం "ఇప్పుడు నేను ఇంత టార్క్ ఇస్తున్నాను" అని క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగ) మీద చెబుతుంది. ఆ అంకెను నమ్మి, దాని మీద కొంత అదనం కలుపుకొని, టీసీయూ క్లచ్‌ను నొక్కుతుంది. గేర్ మారేటప్పుడు "కాసేపు టార్క్ తగ్గించు" అని ఈసీయూను అడిగేది కూడా ఆ అంకె ఆధారంగానే. అంకె తన హద్దు దాటితే టార్క్ తగ్గించమని ఆదేశిస్తుంది.

చౌక ట్యూన్లు చేసే మోసం ఇక్కడే. టార్క్ పెంచితే టీసీయూ అడ్డుపడుతోంది కాబట్టి, కొందరు ఈసీయూలోని టార్క్ లెక్కనే కిందికి మార్చేస్తారు. ఇంజిన్ 320 ఇస్తుంటే టీసీయూకు 250 అనే చెబుతుంది. పెళ్లికి రెండొందల మందిని పిలిచి వంటవాళ్లకు వందమందే అని చెప్పినట్టు. టీసీయూ 250కి సరిపడా నొక్కుతుంది. గేర్ మారేటప్పుడు 250కి సరిపడా తగ్గింపే అడుగుతుంది. కలుపుకున్న కొద్దిపాటి అదనం మిగతా 70కి సరిపోక క్లచ్ జారుతుంది, ఆ జారుడు లైనింగ్ మీద వేడిగా మారుతుంది. రోడ్డు మీద మనకు తెలిసేది ఏమిటంటే, మూడో గేర్‌లో పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్త పైకి ఎగిరి స్పీడు అంతగా పెరగకపోవడం, కొన్నిసార్లు తర్వాత ఘాటైన వాసన.

తెలిసినవాళ్ల కారు ఒకటి ఇలాగే అయింది. ట్యూనర్ ఇచ్చిన షీట్ మీద అంకెలు ఘనంగా ఉన్నాయి. క్లచ్ జారుతోందని వెళ్తే "మీరు నడిపే తీరు వల్ల" అన్నారు. లాగ్ (నడుస్తున్నప్పుడు రికార్డు చేసిన కంప్యూటర్ అంకెలు) తీసి చూస్తే పూర్తి థ్రాటిల్‌లో టీసీయూకు వెళ్తున్న టార్క్ అంకె ట్యూన్‌కు ముందు ఎంత ఉందో అంతే ఉంది. కారు పరుగు మాత్రం కళ్లకు కనపడేంత పెరిగింది. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. క్లచ్ ప్యాక్ మార్చడానికి ఆయనకు అయిన ఖర్చు ట్యూన్ ఖర్చుకు చాలా రెట్లు. నాకు కోపం వచ్చింది ఖర్చు వల్ల కాదు. కారు ప్రేమించే మనిషికి, తనను నమ్మి వచ్చిన మనిషికి, ఏం చేశారో చెప్పకుండా చేశారు.

ఇక టార్క్ కన్వర్టర్ కార్ల వైపు, అంటే ఇంజిన్ బలాన్ని నూనె ప్రవాహం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే మామూలు ఆటోమేటిక్‌ల వైపు చూస్తే కథ మారుతుంది. జెడ్ఎఫ్ 8హెచ్‌పీ గేర్‌బాక్స్ 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైంది. 8హెచ్‌పీ45 అంటే 450 ఎన్ఎం, 70 అంటే 700, 90 అంటే 900. లోపల నాలుగు ప్లానెటరీ గేర్‌సెట్లు (మధ్య గేర్ చుట్టూ పినియన్లనే చిన్న గేర్లు తిరిగే అమరిక), ఐదు క్లచ్‌లు, బ్రేకులు కలిపి. ఏ గేర్‌లో ఉన్నా ఐదింట్లో రెండు మాత్రమే తెరిచి ఉంటాయి, మూడు పట్టి ఉంటాయి. రాసుకునేవి తక్కువ, వేడి తక్కువ. క్లచ్‌లన్నీ నూనెలో ఉంటాయి, ఆ నూనెకు కూలర్ ఉంటుంది, ప్లానెటరీ గేర్లలో భారం ఒక్క పంటి మీద పడకుండా మూడు నాలుగు పినియన్ల మీద పంచుకుంటుంది. 2021 నుంచి మన దేశంలో అమ్ముతున్న బీఎండబ్ల్యూ ఎం340ఐ 500 ఎన్ఎంతో వస్తుంది, దాన్ని ట్యూన్ చేసి బాగా పైకి తీసుకెళ్లినా గేర్‌బాక్స్ తట్టుకుంటున్న కార్లు ఎన్నో ఉన్నాయి. టయోటా సుప్రాలో కూడా ఇదే ఇంజిన్, ఇదే కుటుంబం గేర్‌బాక్స్. ప్రపంచమంతా దాన్ని ట్యూన్ చేసి ఆడుకుంటోంది.

"చూశావా, అంకెలన్నీ ఉత్తివే" అనేవాళ్లకు ఇంకా బలమైన ఉదాహరణ నేనే ఇస్తాను. 2018 డాడ్జ్ డీమన్. రేస్ పెట్రోల్ మీద 1044 ఎన్ఎం. గేర్‌బాక్స్ 8హెచ్‌పీ90, పేరులో ఉన్నది 900. కంపెనీయే తన హద్దు దాటింది కదా? దాటింది. కానీ డ్రాగ్ స్ట్రిప్ కోసమే చేసిన ఆ కారులో టార్క్ కన్వర్టర్‌ను మార్చి, సాఫ్ట్‌వేర్‌ను ఆ టార్క్‌కే రాసి, లాంచ్ కోసం ట్రాన్స్‌బ్రేక్ (బయల్దేరే ముందు కారును గేర్‌బాక్స్‌తోనే ఆపి పట్టే ఏర్పాటు) పెట్టి దాటింది. ఫోక్స్‌వ్యాగన్ కూడా మొదట్లో 350 ఎన్ఎం అని చెప్పిన డీక్యూ250తోనే 2013 గోల్ఫ్ ఆర్‌లో 380 ఇచ్చింది. అది కూడా నూనెలో మునిగిన క్లచ్‌లున్న గేర్‌బాక్స్, కాలక్రమంలో మెరుగు పరిచింది. ఈ రెండు చోట్లా గేర్‌బాక్స్‌కు నిజమైన టార్క్ తెలుసు. నేను అడిగేది కూడా అదే. హద్దు దాటడం పాపం కాదు. గేర్‌బాక్స్‌కు చెప్పకుండా దాటడమే పాపం.

"మా ఫ్రెండ్ కారు 330తో యాభై వేలు తిరిగింది" అనే వాదన ఉంది. తిరిగి ఉండొచ్చు. ఆ 330 చక్రాల దగ్గర కొలిచి, నష్టాల శాతం ఊహించి, పైకి లెక్కగట్టిన అంకె. ఏ శాతం వేశారో చూడకుండా దాన్ని నమ్మలేం. ఆ ఫ్రెండ్ విజయవాడ హైవే మీద ఎక్కువ తిరుగుతాడా, కూకట్‌పల్లిలో రోజూ పాకుతాడా అన్నదీ తేడా. పైగా గేర్‌బాక్స్ పోయినవాళ్లు గ్రూపుల్లో రాయరు, స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు ఫైల్) వేసి కారు అమ్మేస్తారు.

మరి వర్టస్ జీటీ డీఎస్‌జీ ఉన్నవాళ్లు ఏం చేయాలి? నా మాట వింటే స్కోడా సూపర్బ్ దారిలో వెళ్లండి. స్టాక్ కారులో 250 ఎన్ఎం 3500 దాకానే ఉంటుంది. 5000 దగ్గర 150 పీఎస్ అంటే అక్కడ టార్క్ 210కి పడిపోయింది, 6000 దగ్గర 176. ఈ పై భాగంలో హద్దు కింద చోటు ఉంది. 5000 దగ్గర 210ని 240కి తీసుకెళ్తే 171 పీఎస్ అవుతుంది. గేర్‌బాక్స్‌కు తగిలేది ఇప్పటికీ 250 లోపే. చిన్న టర్బో పైన ఎంత ఊదగలదు, ఎగ్జాస్ట్ వేడి ఎంత పెరుగుతుంది అనే హద్దులు ఉంటాయి కాబట్టి అంకె అటూ ఇటూ కావచ్చు. కానీ దిశ ఇదే. దీనికి బదులు 2000 దగ్గర 300 ఎన్ఎం ఇచ్చే ఫైల్ చూడండి: లెక్క కడితే 85 పీఎస్. సీటుకు నెట్టినట్టు అనిపిస్తుంది, కానీ పవర్ లేదు. గేర్‌బాక్స్ మీద ఇరవై శాతం అదనపు భారం వేసి 85 పీఎస్ సంపాదించుకుంటున్నాం. టెస్ట్ డ్రైవ్‌లో కస్టమర్‌ను మెప్పించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ట్యూన్ అది.

ట్యూనర్‌ను టార్క్ గ్రాఫ్ మొత్తం అడగండి, పీక్ అంకె చాలదు. మొదటి రెండు గేర్లలో టార్క్ తగ్గించారా అని అడగండి. టీసీయూకు వెళ్లే టార్క్ అంకె నిజమైనదేనా అని సూటిగా అడగండి. ట్యూన్ తర్వాత మూడో గేర్‌లో పూర్తి థ్రాటిల్ లాగ్ తీసి, ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆర్‌పీఎం రెండూ ఒకే గ్రాఫ్‌లో చూపించమనండి. క్లచ్ పట్టి ఉంటే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. విడిపోయిన చోటల్లా క్లచ్ అరుగుతున్నట్టే. మంచి ట్యూనర్లు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు, నాకు తెలిసిన ఒకరిద్దరు అడగకముందే చూపిస్తారు.

నడపడంలో కూడా చిన్న జాగ్రత్త ఉంది. డీ మోడ్‌లో గేర్‌బాక్స్ మైలేజీ కోసం తొందరగా పై గేర్లకు వెళ్తుంది. అరవై స్పీడులో ఆరో గేర్, పదిహేను వందల ఆర్‌పీఎం. అక్కడ నుంచి మెల్లగా ఎక్కువ టార్క్ లాగించకుండా, ఓవర్‌టేక్‌కు ముందే రెండు గేర్లు దించి తొక్కండి. ఇంజిన్ పైన తిరుగుతుంటే అదే పవర్‌కు తక్కువ టార్క్ చాలు. ట్రాఫిక్‌లో ముందు కారుతో ఇంచు ఇంచుకూ పాకకుండా కాస్త ఖాళీ వదిలి ఒకేసారి కదలండి. 8హెచ్‌పీ ఉన్నవాళ్లు "లైఫ్‌టైమ్ ఆయిల్" మాటను పట్టుకోవద్దు, ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటోంది. ట్యూన్ చేశాక ఇంకా ముందే మార్చుకోవాలి.

చివరగా అమ్మకం సంగతి. ట్యూన్ చేసిన కారును స్టాక్ ఫైల్‌కు తిప్పి, ఏమీ చెప్పకుండా ఇంకొకరికి అంటగట్టడం మన దగ్గర మామూలైపోయింది. కొనేది చాలాసార్లు మొదటి ఆటోమేటిక్ కొంటున్న మధ్యతరగతి కుటుంబం. మనం సరదాగా అరగదీసిన క్లచ్ బిల్లు వాళ్లు కడతారు. ట్యూన్ చేయించి ఉంటే చెప్పండి, ఫైలూ లాగులూ ఇచ్చి అమ్మండి, ధర కాస్త తగ్గినా సరే. సెకండ్ హ్యాండ్ డీఎస్‌జీ కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌తో ఆగిపోకుండా స్కానర్ పెట్టించి టీసీయూలోని క్లచ్ అడాప్టేషన్ విలువలు (క్లచ్ అరుగుదలకు తగ్గట్టు టీసీయూ సర్దుకున్న అంకెలు), క్లచ్ అతిగా వేడెక్కిన రికార్డు చదివించుకోండి. ఈసీయూను స్టాక్‌కు తిప్పినంత మాత్రాన టీసీయూలో ఉన్నవి చెరిగిపోవు. స్కాన్‌కు ఒప్పుకోని ఓనర్ కారు ఎంత తక్కువకు వస్తున్నా కొనకండి.